ఇ.జి.కీ ఐ.ఇ.కీ మధ్య ఒక బస్సు టిక్కెట్టు

ఒడిశాలోని పర్లాకిమిడిలో కోర్టుకు పోయే దారిలో మా నాన్నగారు ప్రారంభించిన టైపింగు దుకాణాన్ని ఇప్పుడు నేను నడుపుతున్నాను. ఆయన రోజుల్లో రెండు రెమింగ్టన్ మిషన్లు ఉండేవి. ఇప్పుడు వాటి స్థానంలో ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఎండాకాలంలో తరచూ మొరాయించే ఒక జిరాక్సు మిషను ఉన్నాయి. వచ్చే పని మాత్రం అప్పటిదే: అర్జీలు, కొటేషన్లు, నోటీసులు, అఫిడవిట్లు, పెళ్ళి సామాన్ల బిల్లులు. ఇక్కడి వ్యాపారులలో చాలామంది ఇంట్లోనూ అంగట్లోనూ తెలుగే మాట్లాడతారు. కార్యాలయాలలో పని ఒడియాలో జరుగుతుంది. గుమ్మ, సెరంగో వైపు కొండల నుంచి దిగివచ్చేవారి నోట సవర భాష వినిపిస్తుంది. తెలుగు లిపి చదవలేని గుమాస్తాకూ ఒడియా లిపి చదవలేని దుకాణదారుకూ మధ్య ఇంగ్లీషే దుబాసీ కనుక, రెండు వైపులా నడవవలసిన కాగితాలను ఇంగ్లీషులో రాయించుకోవడానికి జనం నా దగ్గరికి వస్తారు. ఆ కాగితాలలో సగానికి సగం జాబితాలే. జాబితాకు ముందు ఇ.జి. (e.g.) అనో ఐ.ఇ. (i.e.) అనో ఒక చిన్న మాట, జాబితాకు వెనుక ఎట్సెట్రా (etc.) అని మరొక చిన్న మాట ఉంటాయి. ఆ చిన్న మాటల వల్ల జరిగిన నష్టం గురించి, అందులో నా చేతితో జరిగిన నష్టం గురించి ఈ పూట రాయాలనుకుంటున్నాను.

కొన్నేళ్ళ క్రితం ఒక సంస్థవారు తమ సభ్యుల కోసం గోడకు అంటించే నోటీసు టైపు చేయమని చిత్తుప్రతి ఇచ్చారు. చిరునామా రుజువు తీసుకురావాలి అన్న వాక్యం తరువాత, ఇ.జి. అని రాసి, ఓటరు కార్డు అని వారు రాశారు. అంటే ఓటరు కార్డు ఒక ఉదాహరణ మాత్రమే. ఆధార్ ఉన్నా సరిపోతుంది, రేషను కార్డు ఉన్నా సరిపోతుంది. నాకు ఆ రోజుల్లో ఐ.ఇ. అన్న గుర్తు మీద మోజు ఉండేది. అది మరింత ఆఫీసు పద్ధతిగా కనిపించేది. వారు రాసిన ఇ.జి.ని చెరిపి ఐ.ఇ. అని కొట్టి, కాగితం చేతికిచ్చి, ఇరవై రూపాయలు తీసుకున్నాను. చిరునామా రుజువు అనగా ఓటరు కార్డు అని ఆ నోటీసు అర్థం మారిపోయింది. కౌంటరు దగ్గర కూర్చున్న కుర్రవాడు కొత్తవాడు. నోటీసులో ఉన్నదే వాడికి వేదం.

రెండు రోజుల తరువాత ఒక ముసలామె జిరాక్సు తీయించుకోవడానికి మా దుకాణానికి వచ్చింది. చేతిలో ఓటరు కార్డు ఉంది, ముఖాన చెమట ఉంది. "నిన్ననే వచ్చినాను బాబూ, ఆదారు కారడు అట్టుకొచ్చినాను. ఇది కాదు, ఓటరు కారడే అని గోడమీద రాసున్నాదన్నారు. మల్లీ ఊరెల్లి, మల్లీ బస్సెక్కి వచ్చినాను" అంది. ఆ గోడమీది రాత ఎవరిదో ఆమెకు తెలియదు. నేను జిరాక్సుకు డబ్బు తీసుకోలేదు. అంతకంటే ఏమీ చేయలేదు. ఆ సాయంత్రం ఆ సంస్థకు వెళ్ళి నోటీసు మార్చి అంటించి వచ్చాను. మార్చింది ఒక గుర్తు చోట మరొక గుర్తు, అంతే.

ఈ రెండు గుర్తులూ లాటిన్ మాటల పొడి అక్షరాలు. ఇ.జి. అన్నది ఎక్సెంప్లి గ్రాటియా అన్న రెండు మాటలకు సంక్షిప్తం. ఉదాహరణ కోసం అని దాని అర్థం. ఐ.ఇ. అన్నది ఇద్ ఎస్త్. అది ఏమిటంటే, అనగా, అని అర్థం. ఇ.జి. తరువాత వచ్చేవి గంపలోంచి తీసి చూపిన నాలుగు కాయలు; గంపలో ఇంకా ఉన్నాయని చదివేవాడికి తెలియాలి. ఐ.ఇ. తరువాత వచ్చేది గంప మొత్తం, లేదా అదే గంపకు మరొక పేరు. మొదటిది తలుపు తెరిచి ఉంచుతుంది, రెండోది మూసేస్తుంది.

ఇంత సులువైన తేడాను మనవాళ్ళు ఎందుకు పొరబడతారని చాలాకాలం ఆలోచించాను. తప్పు ఇంగ్లీషు రానందువల్ల జరుగుతున్నది కాదని, తెలుగు బాగా వచ్చినందువల్లనే జరుగుతున్నదని ఇప్పుడు నా అభిప్రాయం. మన నోట నిరంతరం ఆడే మాట 'అంటే'. "ఏకాదశి అంటే పదకొండో తిథి" అన్నప్పుడు ఆ 'అంటే' ఐ.ఇ. "పుల్లటివంటే, చింతపండు, మామిడికాయ అలాంటివి" అన్నప్పుడు అదే 'అంటే' ఇ.జి. మాట్లాడేటప్పుడు చేయి తిప్పడం, గొంతు సాగదీయడం, చివర 'అలాంటివి' అనడం వల్ల వినేవాడికి తేడా తెలిసిపోతుంది. కాగితం మీద చేయీ గొంతూ ఉండవు కనుక, 'అంటే' అని మనసులో అనుకొని చేతికి అందిన గుర్తును వేసేస్తాం. గిడుగు రామమూర్తి పంతులుగారు ఉపాధ్యాయులుగా ఉండి, సవర భాష నేర్చుకొని, వాడుక భాష కోసం జీవితమంతా వాదించిన ఊరు ఇది. ఆ ఊళ్ళో కూర్చొని ఇంత బిగించిన తెలుగు రాస్తున్నందుకు ఆయన నన్ను మందలించేవారేమో గాని, నోటి మాటలో ఉన్న సౌకర్యాలన్నీ కాగితానికి రావన్న సంగతిని మాత్రం ఆ ముసలామె బస్సు టిక్కెట్టు నాకు నేర్పింది.

సందేహం వచ్చినప్పుడు నేను వాడే పరీక్ష ఒకటి ఉంది. అది పెళ్ళి శుభలేఖ. మన శుభలేఖలలో "శ్రీ శోభకృత్ నామ సంవత్సర మాఘ శుద్ధ పంచమి బుధవారం అనగా ది. 14-2-2024" అని ఉంటుంది. తిథి, తేదీ రెండూ ఒకే రోజుకు రెండు పేర్లు. ఆ 'అనగా' ఉన్న చోట 'ఉదాహరణకు' అని పెట్టి చదవండి: మాఘ శుద్ధ పంచమి బుధవారం, ఉదాహరణకు ఫిబ్రవరి 14. పెళ్ళివారు ముహూర్తం కూడా ఖాయం చేసుకోలేదేమోనని బంధువులు నవ్వుకుంటారు. ఇంగ్లీషు వాక్యంలో ఐ.ఇ. ఉన్న చోట 'అనగా' పెట్టి, ఇ.జి. ఉన్న చోట 'ఉదాహరణకు' పెట్టి ఒకసారి పైకి చదివితే, నవ్వు వచ్చిన చోట తప్పు ఉందన్నమాట. ఒడియా బాగా వచ్చినవారికి ఇదే పరీక్షను 'అర్థాత్' అన్న మాటతో చెబుతాను. దానికీ 'ఉదాహరణ'కూ వారు ఎన్నడూ పొరబడరు.

ఇంతకంటే పెద్ద తగాదా మూడో గుర్తుతో వచ్చింది. అది జాబితా చివర కూర్చునే ఎట్సెట్రా.

మా వీధిలో షామియానాలు అద్దెకిచ్చే ఒకాయన ఉన్నారు. ఆయన మాట తీరు ఇలా ఉంటుంది: "కుర్చీలూ గిర్చీలూ, బల్లలూ గిల్లలూ, అన్నీ మనవే మాస్టారూ, ఒక్క లెక్క రాసీండి." ఆయన చెప్పినదానిని నేను ఇంగ్లీషులో మర్యాదగా మార్చి, పెళ్ళికి సరఫరా చేయు సామాను, ఇ.జి. చైర్స్, టేబుల్స్, కార్పెట్స్, ఎట్సెట్రా అని రాసి, కింద మొత్తం సొమ్ము ఒకే అంకెగా వేశాను. గిర్చీలకూ గిల్లలకూ అంతకంటే మంచి ఇంగ్లీషు మరొకటి లేదని అప్పుడు అనుకున్నాను. నిజానికి 'పులీ గిలీ', 'పప్పూ గిప్పూ' అనే మన జంటమాటలు చేసే పని ఎట్సెట్రా చేసే పనే: ఒక వస్తువును చూపించి, దాని చుట్టుపక్కల ఉన్న ఇలాంటివన్నీ అని ఊహకు వదిలేయడం.

పెళ్ళి రాత్రి తాళి కట్టే వేళకు గంట ముందు కరెంటు పోయింది. జనరేటరు ఏదని పెళ్ళికూతురి తండ్రి అడిగారు. అది వేరే అద్దె అని షామియానా ఆయన అన్నారు. కాగితంలో ఎట్సెట్రా ఉంది కదా, జనరేటరు అందులోనే వస్తుందని వీరన్నారు. ఎట్సెట్రా అంటే దిండు గలీబులూ గ్లాసులూ గాని జనరేటరు ఎలా అవుతుందని ఆయన అన్నారు. అప్పటికి పెద్దమనుషులు సర్దిచెప్పి జనరేటరు తెప్పించారు. మర్నాడు మధ్యాహ్నం ఇద్దరూ ఆ కాగితాన్ని పట్టుకొని నా దుకాణానికి వచ్చారు. "మాస్టారూ, మీరే రాసినారు, మీరే సెప్పండి. ఇందులో జనరేటరు ఉన్నాదా, లేదా?" అని పెళ్ళివారు అడిగారు. నేను ఆ కాగితాన్ని చాలాసేపు చూశాను. అందులో జనరేటరు ఉందనీ చెప్పవచ్చు, లేదనీ చెప్పవచ్చు. ఇద్దరిదీ తప్పు కాదు. జనరేటరు అద్దెను చెరిసగం పంచుకోవడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. నా కాగితాన్ని మాత్రం ఎవరూ తీసుకుపోలేదు. అది ఇంకా నా సొరుగులో ఉంది.

ఆ ఒక్క వరుసలో నేను రెండు తప్పులు చేశాను. మొదటిది, ఇ.జి. ఉన్న జాబితాకు ఎట్సెట్రా అక్కర లేదు. ఇవి కొన్ని ఉదాహరణలు అని ముందే చెప్పిన తరువాత ఇంకా ఉన్నాయి అని చివర మళ్ళీ చెప్పడం, వడ్డించినవాడే వచ్చి భోజనం పెట్టానని చెప్పడం వంటిది. సచ్ యాజ్, ఇంక్లూడింగ్, ఫర్ ఎగ్జాంపుల్ అన్న మాటలతో మొదలైన జాబితాలకూ ఇదే వర్తిస్తుంది. ఐ.ఇ.తో మొదలుపెట్టి ఎట్సెట్రాతో ముగించడం మరీ దారుణం. ఇంతే అని చెప్పి తలుపు గడియ పెట్టి, వెంటనే ఇంకా ఉన్నాయని కిటికీ తెరవడం అది. అండ్ ఎట్సెట్రా అని రాసేవారు కూడా ఉన్నారు. ఎట్ అన్న లాటిన్ మాటకే 'మరియు' అని అర్థం, సెటెరా అంటే మిగిలినవి. కనుక అండ్ ఎట్సెట్రా అంటే మరియు మరియు మిగిలినవి. ఈ తప్పు చూసి నవ్వుకునే ముందు మన 'వగైరా'ను కూడా ఒకసారి విప్పి చూసుకోవాలి. అది అరబీ నుంచి వచ్చిన మాట. అందులోని 'వ' అన్నది 'మరియు', 'గైర్' అన్నది 'ఇతరం'. ఎట్సెట్రా, వగైరా రెండు దూరదేశాల భాషలలో ఒకే అచ్చున పోసిన మాటలు. 'మరియు వగైరా' అని రాసే మన గుమాస్తాలు, అండ్ ఎట్సెట్రా అని రాసే ఇంగ్లీషు గుమాస్తాలకు వరసకు అన్నదమ్ములవుతారు.

నాన్నగారి పెట్టెలో మద్రాసు రాజధాని కాలపు కాగితాలు కొన్ని ఉన్నాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేవరకు మా ఊరు మద్రాసు కింద ఉండేది. ఆ కాగితాలలో ఎట్సెట్రాను, ఇప్పుడు అండ్ అని చదివే మెలిక గుర్తు (&) వేసి, దాని పక్కన సి అక్షరం పెట్టి రాసేవారు. ఆ మెలిక గుర్తు మరేమిటో కాదు, ఎట్ అన్న మాటలోని రెండు అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోగా మిగిలిన రూపం. ఒక్కసారి ఈ సంగతి తెలిస్తే అండ్ ఎట్సెట్రా అని చేయి రాయదు.

రెండో తప్పు ఇంకా లోతైనది. చదివేవాడు జాబితాను తనంతట తాను కొనసాగించగలిగినప్పుడే ఎట్సెట్రా పనికివస్తుంది. సోమ, మంగళ, బుధ, ఎట్సెట్రా అంటే తరువాత గురువారమని పిల్లవాడైనా చెబుతాడు. కుర్చీలు, బల్లలు, తివాచీలు అన్న తరువాత ఏమిటి? కూర్చునేవీ పరిచేవీ అని ఒకరు అనుకుంటారు, పెళ్ళికి కావలసినవన్నీ అని మరొకరు అనుకుంటారు. సంస్కృతం నుంచి వచ్చిన 'ఇత్యాది', తెలుగు 'మొదలైనవి' ఈ విషయంలో కొంచెం నిజాయితీ గలవని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే అవి ఇది ఆదిగా, ఇది మొదలుగా అని ఒక వరుసను సూచిస్తాయి; వరుసే లేనప్పుడు మొదలు అనడానికి నోరు కొంచెం తడబడుతుంది. ఎట్సెట్రాకు ఆ తడబాటు లేదు. ఏ గుంపుకైనా తోకలా తగిలించుకోవచ్చు.

నా షామియానా తగాదా వంటివి న్యాయస్థానాలకు కొత్త కాదని మా వీధిలోని ఒక వకీలుగారు చెప్పగా తెలుసుకున్నాను. దానికి వారి దగ్గర ఒక లాటిన్ పేరు కూడా ఉంది: ఎయుస్డెమ్ జెనెరిస్, అంటే అదే జాతికి చెందినవి. కొన్ని ప్రత్యేకమైన మాటలు వరుసగా చెప్పి చివర ఇతరములు అన్నప్పుడు, ఆ ఇతరములు కూడా ముందువాటి జాతికి చెందినవే కావాలన్నది ఆ సూత్రం. ఇంగ్లండులో 1853 నాటి పందేల చట్టం ఇల్లు, కార్యాలయం, గది లేదా ఇతర స్థలం అని చెప్పి అక్కడ పందేల వ్యాపారం నడపడాన్ని నిషేధించింది. గుర్రప్పందేల మైదానంలో ఆరుబయట ఉన్న ఆవరణ ఆ 'ఇతర స్థలం' కిందికి వస్తుందా అన్న వ్యాజ్యం అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) దాకా వెళ్ళింది. ముందు చెప్పిన మూడూ కప్పు ఉన్న చోట్లు కనుక ఆరుబయలు అందులోకి రాదని 1899లో తీర్పు వచ్చింది. ఆ లెక్కన నా కాగితంలో షామియానా ఆయనదే గెలుపు. జనరేటరు కుర్చీల జాతి కాదు.

అయితే ఈ సూత్రం అన్నివేళలా నిలవదు. మన రాజ్యాంగం 12వ అధికరణంలో రాజ్యం అన్న మాటకు అర్థం చెబుతూ, కేంద్ర ప్రభుత్వాన్నీ పార్లమెంటునూ, రాష్ట్ర ప్రభుత్వాలనూ శాసనసభలనూ పేర్కొని, ఆ తరువాత స్థానిక సంస్థలు లేదా ఇతర అధికార సంస్థలు అన్నారు. ఆ 'ఇతర' అన్నదానిలో విద్యుత్ బోర్డు వస్తుందా రాదా అని రాజస్థాన్ విద్యుత్ బోర్డు వ్యాజ్యంలో ప్రశ్న వచ్చింది. ముందు చెప్పినవాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న జాతి ఏదీ లేదు కనుక అదే జాతి అన్న సూత్రాన్ని ఇక్కడ పెట్టడానికి వీల్లేదని, బోర్డు కూడా అందులోకి వస్తుందని 1967లో సుప్రీంకోర్టు తేల్చింది. పెళ్ళికి కావలసినవి అన్నదే జాతి అయితే జనరేటరు కూడా లోపలికి వస్తుందన్న మా పెళ్ళివారి వాదానికి ఇది కొంత దగ్గరగా ఉంది. పెద్ద కోర్టులు అంత తర్కించిన మాటను నేను ఒక్క క్షణంలో, టీ గ్లాసు పక్కన పెట్టుకొని, టకీమని కొట్టేశాను.

చట్టాలు రాసేవారు ఈ బాధను ముందే తప్పించుకోవడానికి రెండు వేర్వేరు మాటలు వాడతారు. నిర్వచనంలో మీన్స్ అని ఉంటే సాధారణంగా ఆ జాబితా పూర్తయినట్టు. ఇంక్లూడ్స్ అని ఉంటే మాటకున్న మామూలు అర్థానికి ఇవి కూడా కలిశాయన్నమాట. వ్యాపారులకు నేను ఇదే చెబుతాను. కొటేషనులో ఇంక్లూడింగ్ అని పెట్టిన క్షణం నుంచి కొనేవాడికి అడిగే హక్కు మిగిలి ఉంటుంది. సామాను ఇంతే అని చెప్పదలిస్తే ఇంక్లూడింగ్ తీసేసి నేరుగా పేర్లు రాసి, చివర పూర్ణవిరామం పెట్టాలి.

పూర్తి జాబితాకు విజ్ (viz.) అన్న పాత గుర్తు ఒకటి ఉంది. ఇప్పటికీ మా కార్యాలయాల ఉత్తరాలలో కనిపిస్తుంది. విడెలిసెట్ అన్న లాటిన్ మాట దాని మూలం. చివరి జెడ్ నిజానికి అక్షరం కాదు, పాత లేఖకులు మాటను కుదించడానికి వేసే కొక్కెం గుర్తు అచ్చులో జెడ్‌గా స్థిరపడింది. మా గజపతి జిల్లాలోని 7 బ్లాకులు, విజ్. గోసాని, గుమ్మ, కాశీనగర్, మోహన, నువాగడ, ఆర్. ఉదయగిరి, రాయగడ, అని రాస్తే అది సరైన వాడుక, ఎందుకంటే ఏడూ వచ్చాయి. ఆరు రాసి విజ్ పెడితే అబద్ధం, ఏడు రాసి ఎట్సెట్రా పెడితే ఎనిమిదోది ఏదని అడిగించుకోవడం. ఇందులో రాయగడ బ్లాకును చూసి పక్కనున్న రాయగడ జిల్లా అనుకొని కాగితాన్ని అక్కడికి పంపినవారిని కూడా చూశాను గాని, ఆ తప్పు విజ్‌ది కాదు. ఇప్పుడు నేను విజ్ బదులు నేమ్‌లీ అని రాస్తాను. అర్థం అదే, అడిగేవారు తక్కువ.

సచ్ యాజ్ ముందు కామా పెట్టాలా వద్దా అన్నది చాలామంది అలంకారమనుకుంటారు. మా ఊరి కొమ్ము పనివారు ఒక ప్రదర్శనకు దరఖాస్తు పెట్టుకున్నప్పుడు ఈ కామా దగ్గర అరగంట కూర్చున్నాం. కొమ్ముతో చేసిన వస్తువులు, సచ్ యాజ్ దువ్వెనలు, కొంగ బొమ్మలు, అమ్ముతాము అని రెండు వైపులా కామాలు పెడితే కొమ్ము వస్తువులన్నీ అమ్ముతామని, దువ్వెనలూ కొంగలూ వాటికి మచ్చు మాత్రమేనని అర్థం. కామాలు తీసేస్తే దువ్వెనలూ కొంగలూ వంటి వస్తువులు మాత్రమే అమ్ముతామని అర్థం కుంచించుకుపోతుంది. ఆ పెద్దాయన దగ్గర కొమ్ముతో చేసిన రొయ్య ఒకటి ఉంది. ఒక్కొక్క కాలూ దారమంత సన్నం. ఆ రొయ్యను అమ్మే హక్కు పోకూడదని రెండు కామాలూ పెట్టాం. లైక్ అన్న మాటను సచ్ యాజ్ బదులు వాడవచ్చునా అన్నదాని మీద ఇంగ్లీషువారిలోనే పేచీ ఉంది. కొందరి లెక్కలో లైక్ అంటే దానిని పోలిన వేరేవి, సచ్ యాజ్ అంటే దానితో సహా. మన 'లాంటి'కి కూడా ఈ రెండు ముఖాలూ ఉన్నాయి కనుక నేను పేచీ పెట్టుకోకుండా ఆఫీసు కాగితాలలో సచ్ యాజ్ మాత్రమే వాడతాను.

చుక్కల సంగతి త్వరగా చెప్పి ముగిస్తాను. అమెరికా పద్ధతిలో ఇ.జి., ఐ.ఇ. తరువాత కామా పెడతారు. బ్రిటిష్ పద్ధతిలో సాధారణంగా పెట్టరు, చుక్కలు కూడా తరచూ వదిలేస్తారు. ఏదో ఒకటి ఎంచుకొని కాగితం పొడవునా దానినే పాటించడం ముఖ్యం. మనుషుల పేర్ల తరువాత 'మరియు ఇతరులు' అన్న అర్థంలో వచ్చే ఎట్ ఆల్ (et al.) అన్న గుర్తులో ఎట్ పూర్తి మాట కనుక దాని తరువాత చుక్క ఉండదు, ఆల్ మాత్రమే సగం మాట కనుక దానికే చుక్క. ఒక విద్యార్థి పరిశోధన గ్రంథంలో ప్రతిచోటా రెండింటికీ చుక్కలు ఉండగా వాటిని తీయించడానికి ఒక సాయంత్రం పట్టింది. ఆ గుర్తును వస్తువులకు వాడకూడదు. కుర్చీలు ఎట్ ఆల్ అని రాసినవారిని ఇంకా చూడలేదు గాని, రేపు చూడనని హామీ లేదు.

అసలు ఈ గుర్తులన్నీ అవసరమా అని అడిగే హక్కు ఆ ముసలామెకు ఉంది. బ్రిటన్ ప్రభుత్వం 2016లో తన వెబ్‌సైటు రచనా నియమాలను మార్చి ఇ.జి., ఐ.ఇ., ఎట్సెట్రాల వాడకాన్ని తగ్గించాలని నిర్ణయించుకుంది. చూపు లేనివారికి తెరను చదివి వినిపించే యంత్రాలు ఇ.జి.ని తప్పుగా పలకడం, ఇంగ్లీషు పరభాష అయినవారు తికమకపడడం అందుకు చెప్పిన కారణాలు. ఇంగ్లీషు పుట్టిన దేశమే వదులుకున్నదానిని మనం పట్టుకొని వేలాడడం ఎందుకని నేను గోడమీద అంటించే నోటీసులలో వాటిని పూర్తిగా మానేశాను. ఫర్ ఎగ్జాంపుల్ అని పూర్తిగా కొడతాను. ఎనీ వన్ ఆఫ్ ది ఫాలోయింగ్ అని రాసి కింద ఒక్కొక్క కార్డు పేరూ ఒక్కొక్క వరుసలో పెడతాను. కాగితం రెండు వరుసలు పెరుగుతుంది. వకీళ్ళకూ పరిశోధకులకూ మాత్రం గుర్తులు కావాలంటే పెడతాను, పెట్టే ముందు 'అనగా'నా, 'ఉదాహరణకా' అని అడుగుతాను.

షామియానా ఆయన మొన్న మాఘమాసపు పెళ్ళిళ్ళకు మళ్ళీ వచ్చారు. ఈసారి ఆయనే ఒక తెల్లకాగితం మీద తెలుగులో జాబితా రాసుకొచ్చారు: కుర్చీలు 200, బల్లలు 30, తివాచీలు 6, వగైరా. నేను కీబోర్డు మీద నుంచి చేయి తీసి, "ఈ వగైరా అంటే ఏటండీ?" అని అడిగాను. ఆయన నన్ను ఒకసారి చూసి, కుర్చీ దగ్గరికి లాక్కొని, వేళ్ళు మడవడం మొదలుపెట్టారు. "నీళ్ళ డ్రమ్ములు రెండు. డేక్సాలు నాలుగు. గరిటెలు ఎనిమిది." కొంచెం ఆగారు. "జనరేటరు వేరే. అది రాసీండి మాస్టారూ, జనరేటరు వేరే అని." అలాగే రాశాను.